కాలర్ బోన్ విరిగాక నన్ను మళ్లీ తొక్కించిన మాగ్నెటిక్ ట్రైనర్

ఒక్క చేత్తో తొక్కనిచ్చింది, అందుకే ఈ ట్రైనర్ (మన సైకిలునే బిగించి ఇంట్లో ఉన్నచోటే తొక్కుకునే స్టాండు) అంటే నాకింత ఇష్టం. రేసులో పడి కాలర్ బోన్ విరిగింది, ప్లేటు వేశారు. చెయ్యి ఇంకా స్లింగులో ఉండగానే డాక్టరుగారు "కాళ్లకేం కాలేదు కదా, కదలని సైకిలైతే తొక్కుకో" అన్నారు. ఇది వెనక ఇరుసును రెండు వైపులా బిగించి పట్టుకుంటుంది కాబట్టి సైకిలు ఊగదు, భుజం మీద బరువు పడకుండా నిటారుగా కూర్చోవచ్చు. కరెంటుతోనూ పని లేదు, మహబూబ్‌నగర్ ఎండాకాలంలో ఫ్యాను ఆగిపోయిన రోజుల్లో కూడా ప్రాక్టీసు ఆగలేదు.

2024 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని బాస్క్ సైకిల్ రేసులో జరిగిన ప్రమాదంలో పేరున్న ప్రొఫెషనల్ రేసర్ వింగెగార్డ్‌కు కాలర్ బోన్‌తో పాటు పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తి దెబ్బతింది, ఇంకో రేసర్ ఎవెనెపోల్‌కూ కాలర్ బోన్ విరిగింది. జులైలో టూర్ డి ఫ్రాన్స్ ముగిసేసరికి రెండు, మూడు స్థానాలు వాళ్లవే. నాకు ధైర్యమిచ్చింది ఆ ఇద్దరే, కాకపోతే వాళ్ల వెనక పెద్ద టీములున్నాయి, నాకు హాల్లో ఈ ఇనుప స్టాండు ఉంది.

కొనేవాళ్లకు అసలు చెప్పాల్సింది చెమట గురించి. గాలి తగలదు కాబట్టి ముక్కు మీంచి, మోచేతుల మీంచి కారిందంతా నేరుగా హ్యాండిల్ మీదే పడుతుంది, హ్యాండిల్‌కు చుట్టిన బార్ టేప్ దాన్ని పీల్చుకుని అలాగే ఉంచుతుంది. దీని గురించి డబ్బాలో ఒక్క ముక్క రాసిలేదు, అమ్మినతనూ చెప్పలేదు. రోడ్డెక్కాక జడ్చర్ల వైపు వెళ్తుంటే గట్టిగా లాగినప్పుడల్లా కిర్రుమనేది. మెకానిక్ తమ్ముడు టేప్ విప్పితే కింద తెల్లటి పొడి, గోటితో గీకితే రాలుతోంది, అల్యూమినియం గుంతలు పడి తినేసి ఉంది, హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టొకటి తుప్పు పట్టి అలెన్ కీకి కదల్లేదు. "అన్నా, దీంతోని మన్ననూరు ఘాట్ దిగితే సగంలనే ఇరిగిపోతుండె" అన్నాడు. కొత్తగా అతికిన ఎముకతో అక్కడ పడి ఉంటే అని ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది. కొత్త హ్యాండిల్ వేయించాను. ఇప్పుడు దాని మీద తువ్వాలు కప్పకుండా ట్రైనర్ ఎక్కను, టేప్ కూడా తరచూ విప్పి చూస్తాను.

ఇంకోటి, సైకిలు ఊగదని పైన మెచ్చుకున్నాను కదా, తీరా రోడ్డు మీదికొచ్చాక ఇబ్బంది పెట్టిందీ అదే. కాళ్లలో బలం వచ్చేసింది, భుజానికి మాత్రం ఏ పనీ పడలేదు. గతుకు తగిలితే చెయ్యి జివ్వుమనేది, గుంపులో పక్కవాడి భుజం దగ్గరికొస్తే బ్రేకు మీదికి వేళ్లు పోయేవి. వాటికి ఫిజియో చెప్పిన వ్యాయామాలు, పొద్దున్నే ఖాళీ రోడ్ల మీద మెల్లగా తొక్కడమే పనికొచ్చాయి.

నాది ప్లేటు వేసిన ఎముక, డాక్టరు ఒప్పుకున్నారు, ఇల్లు కింది పోర్షను కాబట్టి ట్రైనర్ చేసే పిండి మరలాంటి మోతకు ఎవరూ ఏమీ అనలేదు. పైఅంతస్తులో అద్దెకుండేవాళ్లు మాత్రం ముందు ఎవరిదైనా అడిగి తెచ్చి, ఒక సాయంత్రం ఇంట్లో నడిపి చూశాకే డబ్బు పెట్టండి.