బట్టమేకపిట్ట కోసం జైసల్మేర్ దాకా

బట్టమేకపిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే మన నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడక్కడ అది కనిపించడం గగనమే. దేశం మొత్తమ్మీద మిగిలినవి 150 లోపేనని అంచనా, వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ చుట్టుపక్కలే. అందుకే జనవరిలో అటు బయల్దేరాం.

ముందు దిగింది సమ్ ఇసుకదిబ్బల దగ్గర ఒక టెంట్ క్యాంపులో. పడకకీ వేడినీళ్లకీ వంక పెట్టలేం. కానీ అర్ధరాత్రి దాకా డీజే, తెల్లారితే దిబ్బల మీద జీపుల రొద. పిట్టల కోసం వెళ్లేవాళ్లకు పనికిరాదు. మర్నాడే డెసర్ట్ నేషనల్ పార్కు అంచున ఉన్న ఒక ఊళ్లో హోమ్‌స్టేకి మారిపోయాం. మట్టిగోడల గది, బాత్రూమ్ బయట, ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. అయితేనేం, సజ్జరొట్టె పొయ్యి మీంచి నేరుగా కంచంలోకి వచ్చేది. ఆ ఇంటి కుర్రాడే మాకు గైడు.

పార్కులోని సుదాసరీ వైపు చాలాసేపు తిరిగాక గడ్డిలోంచి ఒక మగపిట్ట తల ఎత్తింది. నెత్తిన నలుపు, పొడవాటి తెల్లని మెడ, దాదాపు మీటరు ఎత్తు. మమ్మల్ని చూడటానికి తల పక్కకు తిప్పింది. కళ్లు పక్కలకు ఉంటాయి కాబట్టి ఎదురుగా ఉన్నది దానికి సరిగా ఆనదు. ఎగిరేటప్పుడు కరెంటు తీగ దగ్గరికొచ్చాకగానీ కనబడదు, పదిహేను కిలోల దాకా తూగే ఒళ్లు చటుక్కున పక్కకు తిరగదు. థార్‌లో తీగలు తగిలి ఏటా 18 దాకా చస్తున్నాయని భారత వన్యప్రాణి సంస్థ లెక్కగట్టింది. ఇదేమో సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది!

తిరుగుదారంతా గాలిమరలు, సోలార్ పలకలు, టవర్లు. కొన్ని తీగలకు పిట్టల్ని హెచ్చరించే చిన్న బిళ్లలు వేలాడుతున్నాయి, కొన్నిటికి లేవు. తీగల్ని భూమిలోంచి వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అది అన్నిచోట్లా కుదరదన్న వాదన మీద 2024లో సడలించి, నిపుణుల కమిటీ వేసింది. సోలార్ వద్దని నేనూ అనను. పిట్టలు తిరిగే బయళ్లు తెలిసినవే కదా, కనీసం అక్కడైనా లైన్లు చుట్టూ తిప్పి తీసుకెళ్లొచ్చు. పార్కు లోపలి ఊళ్లకు రోడ్డు కావాలన్నా కరెంటు కావాలన్నా సవాలక్ష అనుమతులట. మా గైడు కోపమంతా దానిమీదే, పిట్ట మీద కాదు.

వెళ్లాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. అటవీశాఖ పర్మిట్ సంగతి హోమ్‌స్టే వాళ్లతో ముందే మాట్లాడుకోండి. బైనాక్యులర్స్ మాత్రం మీవే పట్టుకెళ్లండి, మాకక్కడ అద్దెకు దొరకలేదు.