తడమడమా, స్వైప్ చేయడమా? టాక్‌బ్యాక్‌తో మెనూల్లో తిరగడానికి ఏది మేలు?

చూపు లేనివారు టచ్ ఫోన్‌లో ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కు వెళ్లడానికి రెండు దారులున్నాయి. మొదటిది తడమడం. వేలిని తెరకు ఆనించి మెల్లగా జరుపుతుంటే, వేలి కింద ఏముంటే దాన్ని టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే సౌకర్యం) చదువుతుంది. రెండోది స్వైప్. తెర మీద ఎక్కడైనా సరే, ఒక వేలితో కుడికి చటుక్కున గీస్తే తర్వాతి ఐటమ్ వస్తుంది, ఎడమకు గీస్తే వెనకటి ఐటమ్ వస్తుంది. ఎలా చేరినా చివర్లో చేసేది ఒకటే, డబుల్ ట్యాప్.

చాలాచోట్ల స్వైప్ నేర్పి అక్కడితో ఆపేస్తారు. అది తప్పు లేకుండా పనిచేస్తుంది కాబట్టి నేర్పేవారికీ నేర్చుకునేవారికీ నమ్మకం కుదురుతుంది. దాంతో ఏళ్ల తరబడి పది పదిహేను ఐటమ్‌లు దాటుకుంటూ వెళ్లే అలవాటు ఉండిపోతుంది. ఇంకొందరు తడుముతూనే నెట్టుకొస్తారు, కొత్త యాప్ ఎదురైతే ఆగిపోతారు. మెనూ బటన్ దాకా తడుముతూ వెళ్లాలి, మెనూ తెరుచుకున్నాక లోపల స్వైప్ చేయాలి. ఎక్కువ పనులకు ఇదే మేలైన పద్ధతి. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి కింద వస్తాయి.

చరిత్ర చూసినా ఈ రెండూ ఒకేసారి రాలేదు. టాక్‌బ్యాక్ 2009లో ఆండ్రాయిడ్ 1.6తో వచ్చింది. అప్పట్లో బాణం కీలు గానీ, వేలితో దొర్లించే చిన్న బంతి (ట్రాక్‌బాల్) గానీ ఉన్న ఫోన్ కావాలి, తెర ముట్టుకుంటే లాభం లేదు. 2011లో ఆండ్రాయిడ్ 4.0తో తడిమి వినే సౌకర్యం వచ్చింది. స్వైప్‌తో ఐటమ్ ఐటమ్‌కూ వెళ్లడం ఆ మరుసటి ఏడాది 4.1తో చేరింది. ఐఫోన్‌లో మాత్రం 2009లో 3జీఎస్‌తో వాయిస్‌ఓవర్ (టాక్‌బ్యాక్ లాంటిదే) వచ్చినప్పటి నుంచే రెండూ ఉన్నాయి.

ముందు డబుల్ ట్యాప్ కుదరాలి

ఏ దారి మంచిదని తేల్చుకునే ముందు ఇది సరిచూసుకోండి. "నాకు తడమడం రాదు" అనేవారిలో చాలామందికి అసలు ఇబ్బంది డబుల్ ట్యాప్ దగ్గరే ఉంటుంది.

వేలు ఒక బటన్ మీద ఆగగానే ఫోకస్, అంటే టాక్‌బ్యాక్ ఎంచుకున్న గుర్తు, ఆ బటన్ మీద నిలుస్తుంది. వేలు తీసేసినా ఫోకస్ అక్కడే ఉంటుంది. ఆ తర్వాత డబుల్ ట్యాప్ ఆ బటన్ మీదే కొట్టనక్కర్లేదు, తెర మధ్యలో కొట్టినా చాలు. ఇది తెలియక చిన్న బటన్ మీదే గురి చూసి కొట్టబోతారు. వేలు పక్కకు జారి పక్క బటన్ మీద పడుతుంది.

రెండు ట్యాప్‌ల మధ్య ఎడం సెకనులో మూడో వంతుకు మించకూడదు. మించితే ఫోన్ వాటిని రెండు విడి ట్యాప్‌లుగా తీసుకుంటుంది. విడి ట్యాప్ అంటే తడమడం కిందే లెక్క. అందుకే ఫోకస్ ఎగిరి వేలు పడిన చోటికి వెళ్లిపోతుంది, బటన్ పేరు మారి వినిపిస్తుంది. "నేను నొక్కింది ఒకటి, తెరుచుకున్నది ఇంకొకటి" అనే ఫిర్యాదు చాలావరకు ఇలా పుట్టేదే. రెండో ట్యాప్‌లో వేలు ఎత్తకుండా ఉంచేస్తే అది లాంగ్ ప్రెస్ అవుతుంది, వేరే మెనూ తెరుచుకుంటుంది. తలుపు మీద టకటకమని రెండు దెబ్బలు కొట్టినట్టు ఉండాలి. గట్టిగా నొక్కాల్సిన పని లేదు, వేలు వెంటనే లేవాలి.

స్వైప్‌దీ ఇలాంటి చిక్కే. రెండు మూడు సెంటీమీటర్ల గీత తేలిగ్గా, వేగంగా పడాలి. నెమ్మదిగా గీస్తే ఫోన్ దాన్ని తడమడం అనుకుని దారిలో ఉన్నవన్నీ చదువుతుంది. గీత వంకరగా పోయి పైకి లేస్తే అది మరో జెస్చర్ (వేలి సైగ) అయిపోతుంది. ఉదాహరణకు పైకి గీసి వెంటనే ఎడమకు తిప్పితే హోమ్, కిందికి గీసి ఎడమకు తిప్పితే బ్యాక్. స్వైప్ చేస్తుంటే యాప్ దానంతటదే మూసుకుపోతోందంటే ముందుగా ఇది చూడండి. సెట్టింగ్‌లలో యాక్సెసిబిలిటీలోకి, అక్కడి నుంచి టాక్‌బ్యాక్ సెట్టింగ్‌లలోకి వెళితే జెస్చర్‌లు సాధన చేసే పేజీ ఉంటుంది. మీరు గీసింది ఫోన్‌కు ఏమని అర్థమైందో అది పేరుతో చెబుతుంది. రోజుకు ఐదు నిమిషాలు అక్కడ గడిపితే చెయ్యి తొందరగా కుదురుతుంది.

ఒక మెనూ దగ్గరగా

వాట్సాప్‌లో సెట్టింగ్‌లు తెరవాలి. చాట్‌ల పేజీలో పైన కుడి మూలన మూడు చుక్కల బటన్ ఉంటుంది. టాక్‌బ్యాక్ దాన్ని "మరిన్ని ఆప్షన్‌లు" అని చదువుతుంది.

ఫోకస్ ఆరో చాట్ మీద ఉందనుకుందాం. స్వైప్‌తో వెళ్లాలంటే ఐదు చాట్‌లు, వాటి పైనున్న వడపోత బటన్‌లు, సెర్చ్ డబ్బా అన్నీ వెనక్కి దాటాలి. పదికి పైనే స్వైప్‌లు. ప్రతి స్వైప్ తర్వాత పేరు మొదటి ముక్క అయినా వినాలి కదా.

అదే తడిమితే చూపుడువేలును ఫోన్ కుడి అంచు వెంట పైకి జరిపి మూల దగ్గర ఆపండి. బ్యాటరీ శాతమో టైమో వినిపిస్తే మరీ పైకి వెళ్లారన్నమాట, అది స్టేటస్ బార్. వేలు ఎత్తకుండా సుమారు ఒక సెంటీమీటరు కిందికి లాగండి. "మరిన్ని ఆప్షన్‌లు" అనగానే వేలు తీసి డబుల్ ట్యాప్ చేయండి. మొత్తం రెండు సెకన్ల పని.

ఇప్పుడు మెనూ తెర కుడివైపు పైభాగంలో చిన్న పెట్టెలా తెరుచుకుంటుంది. ఇక్కడ తడమడం మానేయండి. వేలు పెట్టెకు బయట పడితే ఏమీ వినిపించదు, ఫోన్ ఆగిపోయిందేమో అనిపిస్తుంది. సాధారణంగా ఫోకస్ మొదటి వరుస మీదే ఉంటుంది. కుడికి స్వైప్ చేస్తూ వెళ్లండి, స్వైప్ ఆ పెట్టె దాటి బయటకు పోదు. సెట్టింగ్‌లు ఆ వరుసలో చివరిది. చివరికి చేరాక ఇంకో స్వైప్ చేస్తే శబ్దం మారుతుంది, ఇక ముందుకు ఏమీ లేదని దాని గుర్తు.

"తొలగించాలా? రద్దు, సరే" అని అడిగే చిన్న డైలాగ్‌లకూ ఇదే వర్తిస్తుంది. తెర మధ్యలో కొద్ది చోటులోనే అవి ఉంటాయి. వాటిని తడిమి పట్టుకోవడం కష్టం, తప్పుడు బటన్ నొక్కే ప్రమాదమూ ఉంది. స్వైప్ చేసి, పేరు పూర్తిగా విని, అప్పుడు డబుల్ ట్యాప్ చేయండి. డబ్బు పంపే పేజీల్లో ఇది తప్పనిసరి నియమంగా పెట్టుకోండి.

తడమడానికి తిరుగులేని చోట్లు

డయల్ ప్యాడ్ తీసుకోండి. స్వైప్ వరుసలో 1 నుంచి 9, ఆ తర్వాత స్టార్, సున్నా, హ్యాష్ వస్తాయి. నంబర్‌లో 0 తర్వాత 1 ఉంటే ఎడమకు పది స్వైప్‌లు. పది అంకెల నంబర్‌కు ఇది ఎంత విసుగో చెప్పనక్కర్లేదు. వేలితో ముందు 5ను పట్టుకోండి. అది మధ్య నిలువు వరుసలో పై నుంచి రెండోది. దాని నుంచి ఏ అంకె ఎటుందో పాత బటన్ ఫోన్ వాడిన వేళ్లకు గుర్తే. గ్యాస్ బుకింగ్‌కో బ్యాంకుకో ఫోన్ చేసి "ఒకటి నొక్కండి" అన్నప్పుడు పని జరగాలంటే ఇలా వెతకడమే దారి. స్పీకర్ ఆన్ చేసి, కీప్యాడ్ ముందే తెరిచి పెట్టుకోండి. ఫోన్ చెవి దగ్గర ఉంటే సెన్సర్ తెరను ఆపేస్తుంది. టాక్‌బ్యాక్ గొంతు అవతలి గొంతు మీద పడి ఏమీ వినపడకపోతే రెండు వేళ్లతో ఒకసారి ట్యాప్ చేయండి, టాక్‌బ్యాక్ మాట ఆపుతుంది.

టైపింగ్‌కు కూడా తడమడమే. గూగుల్ కీబోర్డ్ అయిన జీబోర్డ్‌లో అక్షరం వినిపించాక వేలు ఎత్తితే చాలు, అక్షరం పడిపోతుంది. డబుల్ ట్యాప్ అక్కర్లేదు.

హోమ్ స్క్రీన్‌ను తడమడానికి అనువుగా సర్దుకోండి. అడుగు వరుసలో ఎడమ చివర ఫోన్, కుడి చివర వాట్సాప్ పెట్టండి. మూలలు వేలికి వాటంతట అవే దొరుకుతాయి, తెర మధ్యలో దొరకవు. అంచులు కాస్త లేచి ఉండే కవర్ వేస్తే వేలు అంచుకు తగిలి ఆగుతుంది. అడుగున చార్జింగ్ రంధ్రం ఎక్కడుందో బొటనవేలితో చూసుకుంటే తెర మధ్య గీత తెలిసిపోతుంది.

తడమడం ఓడిపోయే చోట్లు

పేజీ జరగడం వీటిలో మొదటిది. పొడవాటి సెట్టింగ్‌ల జాబితాలో స్వైప్ చేసుకుంటూ పోతే జాబితా దానంతటదే పైకి జరుగుతుంది. తడిమేటప్పుడు జరగదు. తెర మీద కనబడేంత వరకే వేలికి అందుతుంది, మిగతాది కావాలంటే రెండు వేళ్లతో పైకి లాగాలి. ఇది తెలియనివారు "ఈ ఫోన్‌లో ఆ ఆప్షన్ లేదు" అని తేల్చేస్తారు.

రెండోది, అప్‌డేట్‌లు. తడమడం జ్ఞాపకం మీద నడుస్తుంది. 2024లో ఆండ్రాయిడ్ వాట్సాప్‌లో చాట్‌లు, కాల్స్ ట్యాబ్‌లు పై నుంచి అడుగుకు మారాయి. వేలికి అలవాటైన చోట అవి లేవు. అలాంటప్పుడు ఒకసారి మొదటి నుంచి చివరి వరకు స్వైప్ చేసి ఏమేం ఉన్నాయో వినండి. ఆ తర్వాత తడిమి ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. కొత్త యాప్ పెట్టుకున్నప్పుడూ ఇదే వరుస. స్వైప్‌తో ఏమేం ఉన్నాయో తెలుస్తుంది, తడిమితే ఎక్కడున్నాయో తెలుస్తుంది.

మూడోది, చిన్న బటన్‌లు. ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవారికి గూగుల్ చెప్పే కనీస కొలత సుమారు 9 మిల్లీమీటర్లు. ప్రకటన మూసే ఇంటూ గుర్తు లాంటివి చాలాసార్లు అంత కూడా ఉండవు. వేలు వాటి పక్క నుంచే పోతుంది. స్వైప్ మాత్రం వాటినీ వదలకుండా పట్టుకుంటుంది. బటన్‌కు పేరు పెట్టని యాప్‌లలో "లేబుల్ లేని బటన్" అని వినిపిస్తే రెండు దారులూ సరిపోవు. చూపున్నవారి సాయంతో అదేమిటో ఒకసారి తెలుసుకుని, టాక్‌బ్యాక్ మెనూలోంచి మీరే దానికి పేరు పెట్టుకోవచ్చు.

మాట వేగం కూడా లెక్కలోకి వస్తుంది. తడిమేటప్పుడు వేలు తర్వాతి బటన్‌కు చేరగానే ముందు పేరు మధ్యలోనే తెగిపోతుంది. తెలుగు గొంతు నెమ్మదిగా చదువుతుంటే "మరి", "సెట్", "కొత్" అని ముక్కలే వినిపిస్తాయి. వేగాన్ని వారానికి ఒక మెట్టు చొప్పున పెంచుకోండి. చెవి అలవాటు పడిన కొద్దీ తడమడం సులువవుతుంది.

మూడో దారిని మరవద్దు

పొడవాటి పేజీల్లో ఈ రెండూ నెమ్మదే. రీడింగ్ కంట్రోల్స్ అక్కడ పనికొస్తాయి. మూడు వేళ్లతో పైకి లేదా కిందికి స్వైప్ చేస్తే "హెడ్డింగ్‌లు", "లింక్‌లు", "పదాలు" ఇలా మారుతూ వినిపిస్తాయి. హెడ్డింగ్‌లు ఎంచుకుని ఒక వేలితో కిందికి స్వైప్ చేస్తే ఒక్కో శీర్షికకు దూకుతుంది. వార్తల సైట్‌లో ముప్పై లింక్‌ల మెనూను ఒక్క దూకులో దాటొచ్చు. మూడు వేళ్లతో ఒకసారి ట్యాప్ చేస్తే టాక్‌బ్యాక్ మెనూ వస్తుంది, అందులో తెర మీది మాటను వెతికే ఆప్షన్ కూడా ఉంది. ఇలా ఎక్కువ వేళ్లతో చేసే జెస్చర్‌లు 2021లో వచ్చిన టాక్‌బ్యాక్ 9.1 వెర్షన్‌తో మొదలయ్యాయి. పాత ఫోన్‌లో పనిచేయకపోతే ఒక వేలితో కిందికి గీసి కుడికి తిప్పండి, అదే మెనూ తెరుచుకుంటుంది. వేళ్లు మరీ దగ్గరగా పెడితే మూడింటిని రెండుగా లెక్కపెడుతుంది. ఎడమ అరచేయి అంచు తెరకు తగులుతుంటే ఒకటి ఎక్కువ లెక్కపెడుతుంది.

ఐఫోన్ వాడేవారికి తడమడంలో ఒక సౌకర్యం ఉంది. బటన్ దొరికాక ఆ వేలిని అలాగే ఉంచి, రెండో వేలితో తెర మీద ఇంకెక్కడైనా ఒక్క ట్యాప్ కొడితే చాలు, డబుల్ ట్యాప్ అక్కర్లేదు. నాలుగు వేళ్లతో తెర పైసగంలో ట్యాప్ చేస్తే మొదటి ఐటమ్‌కు, కింది సగంలో చేస్తే చివరి ఐటమ్‌కు వెళ్తుంది. మూలన ఉన్న బటన్ కోసం తడమాల్సిన అవసరం అలా కొంత తగ్గుతుంది. రెండు ఫోన్‌లలో దేనితో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నవారు దీన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. అయితే ఇప్పటికే టాక్‌బ్యాక్ చేతికి వచ్చినవారు కేవలం ఇందుకోసం మారనక్కర్లేదు.

చేతులను బట్టి కూడా తేడా వస్తుంది. పొలం పనో బరువు పనో చేసి కాయలు కాసిన వేళ్లను, బాగా పొడిబారిన వేళ్లను తెర సరిగా పసిగట్టదు. తడిమేటప్పుడు వేలు మధ్యమధ్య తెగిపోయినట్టు ఫోన్‌కు అనిపించి, మాట ఆగి ఆగి వస్తుంది. మందపాటి చవక టెంపర్డ్ గ్లాస్ ఉంటే మరీ ఎక్కువ. అలాంటివారికి చిన్న గీతతో అయిపోయే స్వైపే నయం. శామ్‌సంగ్ ఫోన్‌లలో టచ్ సెన్సిటివిటీ పెంచే స్విచ్ ఉంటుంది, అది వేసి చూడండి. వేలి కొనకు బదులు వేలి మెత్తటి భాగాన్ని ఆనిస్తే కూడా తేడా తెలుస్తుంది.

నేర్పే చూపున్నవారికి ఒక మాట. టాక్‌బ్యాక్ షార్ట్‌కట్ ఆన్ చేసి ఉంటే, రెండు వాల్యూమ్ బటన్‌లనూ కలిపి మూడు సెకన్లు పట్టి ఉంచగానే టాక్‌బ్యాక్ ఆగుతుంది, మళ్లీ అలాగే చేస్తే మొదలవుతుంది. ఫోన్‌లో ఏదైనా సరిచేయడానికి తీసుకుంటే ఐకాన్‌ల చోటు మార్చకండి. మార్చక తప్పకపోతే, తిరిగి ఇచ్చేటప్పుడు వారి వేలు పట్టుకుని కొత్త చోటు మీద ఒకసారి పెట్టి చూపించండి.