పూణె నుంచి హనుమకొండ ఇంటి కిరాయిలు: ఏళ్లు గడిచాక నా సమీక్ష

అసలు మాట ముందే చెబుతాను. ఇల్లు హనుమకొండలో, మనం పూణెలో ఉన్నా కిరాయిలు నడుపుకోవచ్చు. కాకపోతే నీళ్ల ఏర్పాటు పక్కాగా ఉండాలి, పిలిస్తే పలికే మనిషికి నెలనెలా జీతం ఇవ్వాలి. ఈ రెండూ కుదరకపోతే యాప్‌లు, కెమెరాలు ఎన్ని పెట్టినా తలనొప్పి తగ్గదు. మాది గోపాలపూర్ వైపు నాన్న కట్టించిన ఇల్లు. కింద రెండు పోర్షన్లు, పైన రెండు. ఆయన పోయినప్పటి నుంచి దూరం నుంచే చూసుకుంటున్నాను.

మొదట్లో దగ్గరి చుట్టం ఒకాయన చూసుకున్నాడు. మంచివాడే, కానీ ఇద్దరికీ మొహమాటం. కిరాయి ఎందుకు రాలేదని ఆయన కిరాయిదారును అడగలేడు, పని ఎందుకు ఆగిందని నేను ఆయన్ని అడగలేను. తర్వాత ఒక బ్రోకర్‌కు అప్పగించాను. మనిషిని దింపి కమీషన్ తీసుకునే దాకానే ఆయన పని, ఆ తర్వాత ఫోన్ ఎత్తడు. ఇప్పుడు మా మోటారు బాగుచేసే మెకానిక్ అన్నే అన్నీ చూస్తున్నాడు. పని ఉన్నా లేకున్నా నెలకు 1,500 రూపాయలు, రిపేరు కూలి వేరు. ఆ మధ్య పై పోర్షన్ బాత్రూంలో పైపు పగిలితే కిరాయిదారులు నాకు కాదు, నేరుగా ఆయనకే ఫోన్ చేశారు. నాకు తెలిసేసరికి ఆయనే ఫోన్లో, "ఆగం కాకుండ్రి సార్, గేట్‌వాల్వ్ బంద్ చేసిన, పొద్దుగాల్ల వచ్చి పైపు మారుస్త" అన్నాడు. జీతం తీసుకుంటున్నాడు కాబట్టి నేను అడగగలను, ఆయనా మొహమాటం లేకుండా లెక్క చెబుతాడు.

మెకానిక్‌నే పెట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. కిరాయిదారుల నుంచి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం నీళ్ల గురించే. నల్లా నీళ్లు సంపులో పడతాయి, వాడకానికి బోరు. ఎండాకాలం బోరులో నీళ్లు కిందికి దిగిపోతాయి. ఎవరో స్విచ్ వేసి మరిచిపోతారు, మోటారు ఉత్తగా తిరిగి కాలిపోతుంది. కాలిన మోటారుకు తీగ మళ్లీ చుట్టించే రీవైండింగ్ ఖర్చు ఒకటి, బోరులోంచి మోటారు పైకి లాగే ఖర్చు ఇంకొకటి. అందుకే డ్రై రన్ రక్షణ ఉన్న ఆటోమేటిక్ ప్యానెల్ పెట్టించాను. నీళ్లు లేక మోటారు తేలిగ్గా తిరిగితే అది తీసుకునే కరెంటు తగ్గుతుంది. ప్యానెల్ దాన్ని పసిగట్టి ఆపేస్తుంది, మనం పెట్టిన వ్యవధి తర్వాత మళ్లీ వేసి చూస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ వ్యవధి రెండు గంటలు పెట్టిస్తాను. ఇది పెట్టాక మోటారు కాలలేదు. ఇంటి మీద పెట్టిన ఖర్చుల్లో ఇంత పనికొచ్చింది ఇంకోటి లేదు.

ఒక్క లోపం ఉంది. మా బోరు నీళ్లు ఉప్పు. ట్యాంకులో వేలాడే స్టీలు సెన్సర్లకు తెల్లగా పొర పేరుకుంటుంది. పొర మందమైతే ట్యాంకు నిండిన సంగతి ప్యానెల్‌కు తెలియదు, నీళ్లు మెట్ల మీదుగా పారతాయి. ట్యాంకు కడిగిన ప్రతిసారీ సెన్సర్లను నిమ్మఉప్పు కలిపిన వేడి నీళ్లలో నానబెట్టి రుద్దాలి. మెకానిక్ అన్న ఆ పని చేసి ఫోటో పంపుతాడు. సెన్సర్ మెరుస్తుంటేనే నాకు నిమ్మళం.

మోటారుకు, మెట్ల లైట్లకు కామన్ మీటరు వేరుగా ఉండటం ఇప్పుడు మరీ ముఖ్యం. 2024 మార్చిలో ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం మొదలయ్యాక ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు ముందు మీటరు గురించే అడుగుతున్నారు. 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. ఇంటి మోటారు ఒకరి మీటరు మీద నడిస్తే ఆ కుటుంబం అన్యాయంగా నష్టపోతుంది. ఓనర్లు ఇది తప్పక సరిచేయాలి. ఇంకో సౌకర్యం: సర్వీసు నంబరుతో బిల్లు బకాయి ఎక్కడి నుంచైనా చూడొచ్చు. ఖాళీ చేసేవాళ్లకు అడ్వాన్సు తిరిగిచ్చే ముందు నేను అది చూస్తాను.

కెమెరా ఉపయోగపడలేదు. కోతులు వైరు తెంపేశాయి. మళ్లీ వేయిస్తే మళ్లీ తెంపాయి. పైగా కుటుంబాలు ఉండే ఇంట్లో మెట్ల మీద కెమెరా పెట్టి పూణెలో కూర్చుని చూడటం నాకే నచ్చలేదు, తీయించేశాను. ఆ డబ్బుతో ట్యాంకు మూతలకు ఇనుప పట్టీ, తాళం వేయించాను. కోతులున్న మన ఊళ్లో అది తప్పదు.

వానల సంగతికొస్తే, మృగశిర కార్తె ముందే స్లాబు మీద వేపాకు ఊడ్పించి, వాన నీళ్లు కిందికి దిగే పైపు మూతి దగ్గర రెండు బకెట్ల నీళ్లు పోయించి వీడియో తెప్పించుకుంటాను. 2023 జులై వానలకు నయీంనగర్ వైపు ఇళ్లు మునిగాయి. మాది ఎత్తులో ఉంది కాబట్టి వరద రాలేదు కానీ, పైపులో ఆకు ఇరుక్కుని స్లాబు మీద నీళ్లు నిలిచాయి, పడకగది గోడకు నెమ్ము ఎక్కింది. కింద నీళ్లు జారుతున్నాయో లేదో ఆ వీడియోలో కనబడాలి. అది లేకుండా ఊడ్చామన్న మాట మీద ఊరుకోను.

ఖాళీ పడితే ఆషాఢం వచ్చేలోపు నింపుకోవాలి. ఆషాఢంలో పాలు పొంగించడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పించబోవడం కూడా మర్యాద కాదు. అధిక మాసం ఉన్న ఏడాది ఇంకా ముందే చూసుకోవాలి. అందుకే ఒప్పందంలో రెండు నెలల ముందు చెప్పాలని రాయిస్తాను. ఒప్పందం 11 నెలలకే.

ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే ఏడాదిది ఆన్‌లైన్‌లో కట్టేస్తాను, 5 శాతం తగ్గుతుంది. ఆ రసీదు ఆదాయపు పన్నుకూ అక్కరకొస్తుంది. కిరాయిలోంచి మనం కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఇస్తారు. అమెరికాలో ఉన్నవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి: ఓనర్ ఎన్నారై అయితే కిరాయి చిన్నదైనా కిరాయిదారే అందులోంచి టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టి ప్రభుత్వానికి కట్టాలి. ఈ సంగతి దిగేముందే వాళ్లకు విడమరిచి చెప్పండి.

సంపు లేకుండా బోరు ఒక్కదాని మీదే బతికే ఇంటికి నేను చెప్పిన ఏర్పాటు సరిపోదు. ముందు సంపు కట్టించండి, టు-లెట్ బోర్డు తర్వాత. మే నెలలో బోరు బొత్తిగా అందుకోకపోతే మా ఇంటికి ట్యాంకర్ తెప్పిస్తాను. ఆ ఖర్చు నాదే, కిరాయిదారుల మీద వేయను.