మూఢంలో పనికొచ్చిన పెళ్లిళ్ల కెమెరా: నక్షత్రాల వెలుగు కొలతలో ఐదేళ్లు

కావలిలో నాది పెళ్లిళ్ల ఫొటోల పని. పదిహేనేళ్లుగా చేతికి ఎక్కిన అలవాటు ఒక్కటే: ఫోకస్ పదునుగా పడాలి, పెళ్లికూతురి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేటట్టు. అలాంటి నేను ఐదేళ్లుగా రాత్రిళ్లు మిద్దె ఎక్కి, వెలుగు కొలవడానికి కావాలని ఫోకస్ చెడగొట్టి నక్షత్రాలను తీస్తున్నాను. ఆ వాడకం గురించే ఈ సమీక్ష. కెమెరా కెనాన్ 600డి. 2011లో వచ్చిన మోడల్, 18 మెగాపిక్సెళ్లు. పెళ్లిళ్లకు పాతబడి బీరువాలో పడి ఉండింది. లెన్స్ 50 ఎంఎం ఎఫ్1.8, ప్లాస్టిక్ ఒళ్లు, చౌక రకం. ట్రైపాడ్ ఎలాగూ ఉంది. కొత్తగా కొన్నది టైమర్ కేబుల్ ఒక్కటే.

మొదలైంది 2020 ఫిబ్రవరిలో. ఆర్ద్ర నక్షత్రం, ఇంగ్లీషువాళ్ల బెటెల్‌జ్యూస్, మామూలుగా 0.5 మాగ్నిట్యూడ్ (నక్షత్రాల వెలుగు కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు) దగ్గర వెలిగేది, ఆ నెలలో 1.6 దాకా పడిపోయింది. ఉత్త కంటికే తేడా తెలిసేది. మా నాయనకు ఆర్ద్ర అంటే కార్తె, వాన లెక్క. "ఏందిరా అబ్బయా, ఆ చుక్క మసిబారినట్టుందే" అని ముందు అడిగింది ఆయనే. ఆ నక్షత్రం కక్కిన పదార్థం చల్లబడి ధూళిగా మారి దానికీ మన కంటికీ మధ్య అడ్డుపడిందని తర్వాత తేల్చారు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, పెళ్లిళ్లు ఆగాయి. చేతిలో పనిలేదు, బీరువాలో కెమెరా ఉంది.

మొదటి మూడు నెలలూ దండగ. ఇది ముందే చెప్పేస్తే కొత్తవాళ్లకు ఆ మూడు నెలలు మిగులుతాయి. నేను నా విద్యంతా చూపించి సూదిమొనలా ఫోకస్ చేశాను. ఒకే నక్షత్రాన్ని వరుసగా ఇరవై ఫొటోలు తీస్తే, ఒక ఫొటోకూ ఇంకో ఫొటోకూ 0.15 దాకా తేడా వచ్చేది. నక్షత్రం మారలేదు, మబ్బు లేదు. చివరికి ఒక ఫైలును తెర మీద బాగా పెద్దది చేసి చూస్తే అర్థమైంది. కలర్ కెమెరా సెన్సర్ మీద ప్రతి నాలుగు గళ్లలో (పిక్సెళ్లలో) రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. పదునైన నక్షత్రం రెండు మూడు గళ్లలోనే ఇమిడిపోతుంది. ఒక ఫొటోలో దాని నడిబొడ్డు పచ్చ గడి మీద పడుతుంది, భూమి తిరుగుడుకు కాస్త జరిగి తర్వాతి ఫొటోలో ఎర్ర గడి మీద పడుతుంది. పచ్చ లెక్క అంతా తలకిందులు. అదే నక్షత్రాన్ని ఇరవై గళ్ల వెడల్పున్న బిళ్లలా పరిస్తే ఎక్కడ పడినా వందకు పైగా పచ్చ గళ్లు వెలుగు పంచుకుంటాయి, లెక్క కుదురుగా నిలబడుతుంది.

లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసుకుని, చుక్క కాస్తా చిన్న అప్పడంలా అయ్యేదాకా రింగు తిప్పి, నల్ల ఇన్సులేషన్ టేపుతో అక్కడే బిగించేస్తాను. ఈ లెన్స్ రింగు మరీ వదులు, గట్టిగా ఊదితే తిరిగేటట్టు ఉంటుంది. టేపు లేకపోతే రాత్రి సగంలో ఫోకస్ దానంతటదే సర్దుకుంటుంది, అదీ మనకు అక్కర్లేని వైపు.

నా సెట్టింగులు ఐదేళ్లలో పెద్దగా మారలేదు: ఎఫ్4, ఐఎస్‌ఓ 200, 8 సెకన్లు, 20 ఫొటోలు, కెమెరా దిద్దని రా ఫైల్ మాత్రమే. జేపెగ్ వద్దే వద్దు. అందులో కెమెరా తన ఇష్టానికి వెలుగు నీడలు దిద్దుతుంది. పెళ్లిలో అది మేలు, ఇక్కడ అది దొంగ లెక్క. నాయిస్ తగ్గించే ఆప్షన్లన్నీ ఆపేయాలి. ఎనిమిది సెకన్లకు చుక్క ఆరేడు గళ్లు జరుగుతుంది, ఎలాగూ బిళ్లలా పరిచాం కాబట్టి నష్టం లేదు. నక్షత్రాన్ని వెంబడించే మోటారు లేకుండానే పనైపోతుంది. ఈ మొత్తం ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఇదే.

ఫొటోలు తీశాక లెన్స్ మూసి డార్కులు, అంటే సెన్సర్ సొంత మచ్చలు తీసేయడానికి చీకటి ఫొటోలు. సాయంత్రం వెలుగులో ఫ్లాట్లు, అంటే ఫ్రేములో వెలుగు హెచ్చుతగ్గులు సరిచేయడానికి ఒకే తీరు వెలుగు ఫొటోలు. ఫ్లాట్లకు ఏవేవో తెల్ల ప్యానెళ్లు అమ్ముతారు. నాకు నాయన పంచె చాలు, నాలుగు మడతలు వేసి లెన్సుకు రబ్బరు బ్యాండుతో కట్టి ఆకాశం వైపు తిప్పడమే. గంజి పెట్టిన పంచె అయితే మడతలు పడవు.

కంప్యూటర్ పనికి మొదట ఐరిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. ఒక్కొక్క ఆజ్ఞా టైపు చేయాలి, ఓపిక కావాలి. ఇప్పుడు ఆస్టాప్ వాడుతున్నాను, అదీ ఉచితమే. పచ్చ గళ్లను మాత్రం విడదీసి లెక్కకట్టాలి, ఎందుకంటే ఖగోళ కొలతల్లో వాడే వి ఫిల్టరుకు మన కెమెరా పచ్చ దగ్గరగా ఉంటుంది. అమెరికాలో 1911లో మొదలైన ఏఏవీఎస్‌ఓ అనే, వెలుగు మారే నక్షత్రాలను గమనించేవాళ్ల సంఘానికి ఎవరైనా లెక్కలు పంపొచ్చు. కలర్ కెమెరా పచ్చకు వాళ్లు టీజీ అని వేరే పేరే పెట్టారు. డీఎస్‌ఎల్‌ఆర్ కొలతల మీద వాళ్ల చేతిపుస్తకం ఉచితంగా దొరుకుతుంది. నాకు తెలిసిందంతా సగం అందులోది, సగం తప్పులు చేసి నేర్చుకున్నది.

మనవాళ్లకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఈ లెక్కల్లో తేదీకి బదులు జూలియన్ రోజు రాస్తారు, నెలా సంవత్సరం లేకుండా వరుసగా లెక్కపెట్టే రోజు అంకె అది. అది మన టైములో సాయంత్రం 5:30కి మారుతుంది. కాబట్టి మన రాత్రి మొత్తం ఒకే అంకెలో వస్తుంది, అర్ధరాత్రి తేదీ మారే గొడవ లేదు. కెమెరా గడియారం మాత్రం వారం వారం సరిచేయాలి, నాది నెలకు నిమిషం పైనే తప్పుతుంది.

ఇక తూకం సంగతి. కొలిచే నక్షత్రం పక్కన వెలుగు తెలిసిన ఇంకో నక్షత్రం కావాలి, అది తూకంరాయి. మూడోది చెక్ స్టార్, ఆ రాయి నమ్మకమైనదేనా అని చూసే రెండో రాయి. ఇది వదిలేస్తే మోసపోతాం. ఒక భోగి తెల్లవారుజామున మిథునం పడమట దిగిపోతుండగా తీశాను. లెక్క అందంగా వచ్చింది, కానీ చెక్ స్టార్ 0.06 తప్పింది. వీధి వీధినా భోగి మంటలు, పొగ పొరలు పొరలుగా. ఒక నక్షత్రం ముందు పొగ ఉంది, ఇంకోదాని ముందు లేదు. ఆ రాత్రిది మొత్తం కొట్టేశాను.

రాయి రంగు కూడా చూసుకోవాలి. నా ప్రధాన నక్షత్రం మిథునంలోని జీటా జెమినోరం, పునర్వసు జంటకు కాస్త దిగువన ఉండే సెఫీడ్ రకం నక్షత్రం. 10.15 రోజులకొకసారి ఉబ్బి తగ్గుతుంది, వెలుగు 3.6 నుంచి 4.2 మధ్య ఆడుతుంది. మొదటి సీజన్‌లో పక్కనే ఉందని అప్సిలాన్ జెమినోరంను రాయిగా పెట్టుకున్నాను. అది ఎర్ర నక్షత్రం. నా లెక్కలన్నీ మిగతావాళ్ల లెక్కల కంటే 0.06 పక్కకు నిలబడ్డాయి. మన పచ్చ అచ్చం వి ఫిల్టరు కాదు, కాబట్టి రంగు తేడా ఎంత ఎక్కువైతే తప్పు అంత పెరుగుతుంది. కప్పా జెమినోరం (3.57) రంగు మన నక్షత్రానికి దగ్గర. దాన్ని రాయిగా, అయోటాను (3.79) చెక్‌గా పెట్టాక ఆ వంక పోయింది.

రంగు విషయంలోనే ఒక వింత. నన్ను ఇందులోకి లాగిన ఆర్ద్రే ఈ కెమెరాకు అన్నిటికంటే చెడ్డ నక్షత్రం. అది చిక్కటి ఎరుపు. దగ్గర్లో వెలుగు సరిపోయే బెల్లాట్రిక్స్ నీలం. రంగు కాస్త కలిసే రోహిణి ఇరవై డిగ్రీల దూరంలో ఉంది, రెండిటి ముందూ గాలి మందం ఒకటి కాదు. అలా వచ్చిన లెక్కను 0.05 లోపు నమ్మమని నేను ఎవరికీ చెప్పను. నాయన మాత్రం ఇప్పటికీ రోజూ ఆర్ద్ర సంగతే అడుగుతాడు.

మాగ్నిట్యూడ్ లెక్కకు ఇప్పుడున్న కొలబద్ద పెట్టింది ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త పాగ్సన్, 1856లో: ఐదు మెట్లకు సరిగ్గా వంద రెట్లు. ఆయన తర్వాత 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి అధికారిగా వచ్చాడు. అక్కడే పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులై అనే చరనక్షత్రాన్ని (వెలుగు మారే నక్షత్రాన్ని) కనిపెట్టాడు. అప్పుడు మా నెల్లూరు ఆ మద్రాసు ప్రెసిడెన్సీదే. కెమెరా లేకుండా, కంటి లెక్క. నా 0.02 తేడాకు నేను విసుక్కునేటప్పుడు రఘునాథాచారి గుర్తొస్తాడు.

మన ప్రాంతంలో ఈ పనికి అసలు శత్రువు వెలుతురు కాదు, తేమ. తూర్పున రొయ్యల చెరువుల దీపాలు రాత్రంతా వెలుగుతాయి, నిజమే, కానీ నాలుగో మాగ్నిట్యూడ్ చుక్కకు అవి పెద్ద అడ్డం కాదు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆకాశం బాగుండే కాలమని ఉత్తరాదివాళ్లు సంబరపడే నెలలు మనకు తుఫానులకే పోతాయి. జనవరి వచ్చేసరికి మబ్బు పోతుంది, మంచు దిగుతుంది. రాత్రి ఒంటిగంటకు లెన్స్ మీద చెమ్మ పడితే నక్షత్రం నెమ్మదిగా మసకబారుతుంది, అది నక్షత్రం పనే అనుకుని మనం సంతోషపడతాం. నాకు దొరికిన మందు టేబుల్ ఫ్యాను. పక్కనుంచి మెల్లగా గాలి తగిలేటట్టు పెడితే తెల్లారేదాకా చెమ్మ పట్టదు.

రెండో ఏడు లెన్సుకు ఫంగస్ వచ్చింది, లోపల సాలెగూడు లాంటి దారాలు. తేమ లాగేస్తుందని అమ్మ మాట విని అంతకుముందు దాన్ని బియ్యం డబ్బాలో పెట్టాను. తేమ సంగతేమోగానీ తవుడు దుమ్ము రింగులో దూరింది. నెల్లూరులో ఒక రిపేరు షాపులో 900 తీసుకుని శుభ్రం చేసి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే ఫ్రేములో ఒక పక్క చుక్కలన్నీ కోడిగుడ్లు, అద్దం వంకరగా బిగించారు. అప్పటినుంచి కొలిచే నక్షత్రాన్ని నడి మధ్యలోనే పెడుతున్నాను. ఇప్పుడు లెన్స్ ఉండేది సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత స్టీలు డబ్బాలో.

నాకు సమయం దొరికేది మూఢంలో. గురుడో శుక్రుడో సూర్యుడి వెలుగులో కలిసిపోయిన రోజులవి, ముహూర్తాలు ఉండవు, మా స్టూడియోలో ఈగలే. అలా దొరికిన ఒక జనవరి రాత్రి ఆల్గాల్ అనే జంట నక్షత్రం గ్రహణం పట్టాను. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే 2 రోజుల 21 గంటలకొకసారి ఒకటి ఇంకోదాన్ని చాలావరకు మరుగుపరుస్తుంది, వెలుగు 2.1 నుంచి 3.4కి దిగుతుంది. మొత్తం పది గంటల తతంగం. సాయంత్రం ఏడు నుంచి పది నిమిషాలకొక లెక్క. గ్రాఫు గీస్తుంటే బావిలోకి దిగి మళ్లీ పైకొచ్చినట్టు గీత. నాయనను లేపి చూపించాను. "కంటికి కనపడేదాన్ని గీతలో చూపిస్తావేందిరా" అని మళ్లీ పడుకున్నాడు.

నాలుగు సీజన్లలో జీటా జెమినోరంకు 61 రాత్రుల లెక్కలు మిగిలాయి. అన్నిటినీ 10.15 రోజుల చక్రంలో మడిచి వేస్తే చుక్కలన్నీ ఒకే వంపు మీద కూర్చున్నాయి, చెదురు 0.02 లోపే. మన ఊరికి ఈ నక్షత్రం దాదాపు నెత్తి మీదికొస్తుంది, మబ్బులేని నెలల్లోనే సాయంత్రాలు కనిపిస్తుంది. అందరూ మొదలుపెట్టమనే ఇంకో సెఫీడ్, డెల్టా సెఫై, మనకు 46 డిగ్రీల కంటే పైకి రాదు, అదీ వానల్లో. మనవాళ్లకు దాన్ని సిఫారసు చేయను.

ఇంత చిన్న కెమెరా లెక్కలు ఎవరికి కావాలని కొందరు అడుగుతారు. రాత్రంతా ఆకాశాన్ని జల్లెడ పట్టే పెద్ద సర్వే టెలిస్కోపులకు ఈ నక్షత్రాలు మరీ మెరుపు, సెన్సర్ నిండి పొర్లిపోతుంది. ఎప్సిలాన్ ఆరిగే అనే నక్షత్రానికి 27 ఏళ్లకొకసారి రెండేళ్లపాటు గ్రహణం పడుతుంది. 2009-11లో అది పట్టినప్పుడు ఇలాంటి కెమెరాలతోనే ఎంతోమంది కొలిచి పంపారు.

కొనేవాళ్లకు నా మాట: ఇందుకోసం కొత్త కెమెరా కొనకండి. రా ఫైలు ఇచ్చే పాత బాడీ ఏదైనా చాలు, డబ్బు ఉంటే లెన్స్ మీద పెట్టండి. 50 ఎంఎంతో ఏడో మాగ్నిట్యూడ్ దాటితే చెదురు పెరిగిపోతుంది. అంతకంటే మసక చుక్కలు కావాలంటే 200 ఎంఎం, తిరిగే మౌంటు, ఖర్చు వేరే లెక్క. నేను అటు పోలేదు.

నా 600డి చేతి పట్టు రబ్బరు ఊడొచ్చింది, ఫెవిక్విక్‌తో అతికించాను. షట్టర్ ఈమధ్య కొట్టే చప్పుడు మారింది, చివర్లో చిన్న కీచు. ఈ మాఘంలో ముహూర్తాలు ఎక్కువున్నాయి, జీటాకు ఎన్ని రాత్రులు దొరుకుతాయో చూడాలి. ప్రస్తుతానికి టేపు మార్చి, ఫ్యానుకు నూనె వేసి పెట్టాను.