పదకొండేళ్లుగా డీసీ డ్రైవ్‌తో: పైపుల మెషిన్ దగ్గర నా అనుభవం

మా పీవీసీ పైపుల యూనిట్‌లో ఎక్స్‌ట్రూడర్‌ని (ప్లాస్టిక్‌ని కరిగించి స్క్రూతో తోసి పైపుగా తీసే మెషిన్) తిప్పేది 37 కిలోవాట్ల డీసీ మోటారు. ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) 440 వోల్టులు, ఫీల్డ్ (అయస్కాంతంలా పనిచేసే కదలని చుట్ట) 220. దాన్ని నడిపే థైరిస్టర్ డ్రైవ్ (థైరిస్టర్లనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో ఏసీని డీసీగా మార్చి మోటారు వేగం చూసుకునే పరికరం) బాధ్యత నామీద పడి పదకొండేళ్లయింది. మొదటి నాలుగేళ్లు పాత అనలాగ్ కార్డు, తర్వాత ఏడేళ్లు డిజిటల్ డ్రైవ్. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం డ్రైవ్ ఏది కొన్నా దాదాపు ఇవే అనుభవాలు ఎదురవుతాయి.

నాకు బాగా నచ్చింది, ఎండాకాలం సాయంత్రాలు కరెంటు డల్ అయినా స్క్రూ వేగం తగ్గకపోవడం. లెక్క తేలికే. 415 వోల్టుల త్రీఫేజ్ సప్లైని ఆరు థైరిస్టర్ల బ్రిడ్జికిస్తే, ఆలస్యం లేకుండా ఫైర్ చేసినప్పుడు, అంటే ఆన్ చేసినప్పుడు, 560 వోల్టుల డీసీ వస్తుంది. మనకు కావాల్సింది 440. అందుకని డ్రైవ్ ఒక్కో థైరిస్టర్‌ని సుమారు 38 డిగ్రీలు (ఏసీ ఒక సైకిల్ అంటే 360 డిగ్రీలు) ఆలస్యంగా ఫైర్ చేస్తుంది. సప్లై 370కి పడిపోయినా ఇంకా 500 దాకా చేతిలో ఉంటుంది కాబట్టి, ఆ ఆలస్యాన్ని కొంచెం తగ్గించుకుని అదే వేగం నిలబెడుతుంది.

అయితే ఆ ఆలస్యానికి మూల్యం కరెంటు బిల్లులో కడతాం. మందం పైపులకి సగం వేగంలో నడిపితే పవర్ ఫ్యాక్టర్ (లైన్ నుంచి లాగినదాంట్లో నిజంగా పనికొచ్చే వంతు) 0.4 కూడా రాదు. సరిచేద్దామని కెపాసిటర్లు పెట్టాం. రెండుసార్లు ఉబ్బిపోయాయి. నాసిరకం సరుకని షాపువాడితో గొడవ కూడా పడ్డాను, పాపం అతని తప్పేమీ లేదు. ఆరు థైరిస్టర్ల బ్రిడ్జి లైన్లోకి 250, 350 హెర్ట్జ్ హార్మోనిక్స్ (50 హెర్ట్జ్ కరెంటులో కలిసే అదనపు అలలు) తోస్తుంది, వట్టి కెపాసిటర్ వాటిని తట్టుకోలేదు. వాటికి వరసలో 7 శాతం రియాక్టర్లు (ఆ హార్మోనిక్స్‌ని అడ్డుకునే కాయిల్స్) కలిపాక మళ్లీ ఉబ్బలేదు.

ఇన్నేళ్లలో థైరిస్టర్ పోయింది ఒక్కసారే, అదీ మా చేతులారా. నైట్ షిఫ్ట్‌లో సెమీకండక్టర్ ఫ్యూజు (థైరిస్టర్ పాడవకముందే చాలా వేగంగా తెగేది) కొట్టేస్తే, స్టోర్లో స్పేర్ లేదని ఎవరో అదే ఆంపియర్ల మామూలు హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు వేశారు, అది అంత వేగంగా తెగదు. ఈసారి ఫ్యూజు బతికింది, థైరిస్టర్ పోయింది. అప్పట్నుంచి అసలు ఫ్యూజులు ఆరు ప్యానెల్ లోపలే పెట్టి తాళం వేస్తున్నాను.

అసలు ఇబ్బంది పెట్టేవి డ్రైవ్ బయట ఉంటాయి. అనలాగ్ కార్డు రోజుల్లో టాకో (మోటారు వేగాన్ని వోల్టేజీగా చెప్పే చిన్న జనరేటర్) కప్లింగ్ గ్రబ్ స్క్రూ లూజయింది. టాకో నుంచి వోల్టేజీ రాకపోయేసరికి మోటారు ఆగిపోయిందనుకుని డ్రైవ్ ఫుల్ వోల్టేజీ ఇచ్చేసింది. డై (పైపుకి ఆకారమిచ్చే అచ్చు) దగ్గర ప్రెషర్ ఒక్కసారిగా ఎగబాకింది. ఎమర్జెన్సీ బటన్ నొక్కాక కూడా చాలాసేపు నా కాళ్లు వణికాయి. డిజిటల్‌ది టాకో పోతే ట్రిప్ అవుతుంది. ఆ ఒక్క కారణానికే అది కొనొచ్చు. నన్నడిగితే పైపుల పనికి టాకో కూడా అక్కర్లేదు, ఆర్మేచర్ వోల్టేజీ ఫీడ్‌బ్యాక్ చాలు.

ఇంకోసారి ట్రాన్స్‌ఫార్మర్ రిపేరయ్యాక రెండు ఫేజులు తారుమారుగా కలిపారు. కొత్త డ్రైవ్ ఫేజ్ సీక్వెన్స్ (మూడు ఫేజుల వరస) తనే చూసుకుంటుంది, డీసీ మోటారు ఎప్పటిలాగే తిరిగింది, ఎవరికీ అనుమానం రాలేదు. మోటారుని చల్లబరిచే బ్లోయర్ మాత్రం త్రీఫేజ్ ఏసీది కదా, అది ఉల్టా తిరుగుతోంది. గాలి సగం కూడా లేదు. మాడు వాసన వచ్చాక గానీ కనిపెట్టలేదు.

బ్రష్‌ల (తిరిగే ఆర్మేచర్‌కి కరెంటు అందించే కార్బన్ ముక్కల) సంగతి తెలిసిందే: వారానికోసారి మూత తీసి దుమ్ము ఊదాలి, అవి రాసుకునే రాగి చక్రం, కమ్యుటేటర్, చాక్లెట్ రంగులో ఉందో లేదో చూడాలి. సైజు సరిపోయిందని వేరే గ్రేడు బ్రష్‌లు వేస్తే నిప్పురవ్వలే.

గోడౌన్లో 48 వోల్టుల బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్ ఉంది, దానిది చాపర్ కంట్రోల్, అంటే బ్యాటరీ కరెంటుని వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ మోటారుకి ఇవ్వడం. అంతకుముందుది రెసిస్టెన్స్, కాంటాక్టర్ల (కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్‌ల) బండి. కదిలేటప్పుడు ఎగిరిపడేది, మెల్లగా నడిపినా బ్యాటరీ తాగేసేది. చాపర్ వచ్చాక చార్జింగ్ షిఫ్ట్ చివరిదాకా నిలుస్తోంది. ఎందుకంటే నాలుగో వంతు సమయమే ఆన్‌లో ఉంచితే మోటారుకి 12 వోల్టులు వెళ్తాయి, మోటారులో 200 ఆంపియర్లు తిరుగుతున్నా బ్యాటరీ నుంచి సగటున 50 ఆంపియర్లే పోతాయి. ఆఫ్‌లో ఉన్నంతసేపూ మోటారు కరెంటు ఫ్రీవీలింగ్ డయోడ్ (మోటారు కరెంటుకి పక్కదారి ఇచ్చే డయోడ్) గుండా తిరుగుతూనే ఉంటుంది.

భయపడాల్సిందీ ఇందులో ఉంది. చాపర్‌లో ఆన్-ఆఫ్ చేసే స్విచ్, మాస్‌ఫెట్, షార్టయితే మోటారుకి మొత్తం 48 వోల్టులూ తగులుతాయి, పెడల్ వదిలినా బండి ఆగదు. అప్పుడు దిక్కు మెయిన్ కాంటాక్టర్ ఒక్కటే. సోమవారం సోమవారం తాళం తిప్పి అది ‘టక్’మని వదులుతోందో లేదో విన్నాకే డ్రైవర్‌కి బండి ఇస్తాను.

డీసీ మొత్తం పీకేసి ఏసీ పెట్టేద్దామా అని మా ఓనర్ ఏడాదికోసారి అడుగుతుంటారు. కమ్యుటేటర్‌లో ఇంకా రెండుసార్లు లేత్ పట్టేంత రాగి ఉంది, అది అయ్యేదాకా ఆగమన్నాను. పోయినేడు వేసిన కొత్త లైనుకి మాత్రం ఏసీ డ్రైవే తీసుకున్నాం.