మూడు మ్యాచ్‌లు, ఒక్క గోలూ లేదు: దోహాలో పన్నెండు రోజులు

గెలుస్తామని ఎవరూ వెళ్లలేదు. ఫుట్‌బాల్ ఆసియా కప్‌లో మన గ్రూపులో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా పడ్డ రోజే లెక్క తేలిపోయింది. అయినా 2024 జనవరిలో సెలవు పెట్టి దోహా వెళ్లాను. మ్యాచ్ టికెట్లు 25 రియాళ్ల నుంచే దొరకడం ఒక కారణం, మా బావ అక్కడే పనిచేస్తుండడం ఇంకోటి. బావది కంపెనీ రూము, బయటివాళ్లను ఉండనివ్వరు. బస నేనే చూసుకోవాల్సి వచ్చింది.

అక్కడే దెబ్బతిన్నాను. ఫొటోలు చూసి వెస్ట్ బే వైపు సముద్రం కనిపించే హోటల్ తీసుకున్నా. సముద్రం కనిపించిన మాట నిజమే, కిటికీలోంచి మెడ బాగా చాచితే. మెట్రో దాకా ఇరవై నిమిషాల నడక. ఉచిత బస్సు ఉందన్నారు, తీరా అడిగితే అది షాపింగ్ మాల్ వరకేనట, అదీ సాయంత్రం పూట. రెండు రాత్రులకే మూటాముల్లె సర్దుకుని అల్ మన్సూరాలో ఒక చిన్న లాడ్జికి మారాను. కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ, ఏసీ ఆన్ చేస్తే పిండిమర శబ్దం. కానీ కిందికి దిగి నాలుగడుగులు వేస్తే గ్రీన్ లైన్. ఆ లైనుకు ఒక కొస అల్ మన్సూరా, ఇంకో కొస అల్ రిఫా. మొదటి రెండు మ్యాచ్‌లు జరిగిన అహ్మద్ బిన్ అలీ స్టేడియానికి అల్ రిఫాలోనే దిగాలి. అంటే ఎక్కేటప్పుడు సీటు గ్యారంటీ, మధ్యలో బండి మారే పని లేదు. మ్యాచ్‌ల కోసం వెళ్లేవాళ్లు హోటల్ చూసేముందు మెట్రో మ్యాపు చూడాలి. ఒకసారి ఎక్కితే 2 రియాళ్లు, రోజంతా తిరిగినా 6 దాటదు. అంత శుభ్రంగా, చవగ్గా తిరిగిన ఊరు నాకు ఇంకోటి లేదు.

ఆస్ట్రేలియా మ్యాచ్ శనివారం మధ్యాహ్నం రెండున్నరకి. మ్షైరిబ్ స్టేషన్ దాటేసరికి పెట్టె నిండా నీలం చొక్కాలే. మలయాళీ కుర్రాళ్లు డప్పు లేకపోతే రైలు తలుపునే డప్పు చేసుకున్నారు. నా ఎదుట ఒకాయన, యాభై ఏళ్లుంటాయేమో, నైట్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. బూట్ల మీద సిమెంటు ఇంకా ఆరలేదు. మడతలు పోని కొత్త జెండాను ఒళ్లో పెట్టుకుని, అంత గోలలోనూ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అల్ రిఫా రాగానే పక్కవాళ్లు భుజం తట్టి లేపారు.

గేటు దగ్గర తనిఖీ త్వరగానే అయింది, నీళ్ల సీసా మాత్రం వదిలేయాలి. లోపల తిండి గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది: ధర ఎక్కువ, రుచి తక్కువ. మన్సూరా, నజ్మా వైపు ఉండే మనవాళ్ల హోటళ్లలో పరోటా తిని, ఒక కరక్ చాయ్ తాగి వెళ్లడమే తెలివైన పని.

పదహారో నిమిషంలో మన కెప్టెన్ సునీల్ ఛెత్రి తలతో కొట్టిన బంతి పక్కకి పోయింది. స్టాండు మొత్తం లేచింది. చాలామంది కూర్చున్నాక కూడా మా బావ నెత్తిన చేతులు పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. హాఫ్‌టైమ్ దాకా 0-0, చివరికి 0-2. పురుషుల ఆసియా కప్‌లో ఒక మహిళ మెయిన్ రిఫరీగా చేసిన తొలి మ్యాచ్ కూడా అదే, జపాన్‌కు చెందిన యోషిమి యమషితా. ఆ సంగతి నాకు రూముకొచ్చాక తెలిసింది!

ఉజ్బెకిస్తాన్‌తో ఆట గురించి చెప్పుకోడానికేం లేదు. నాలుగో నిమిషంలోనే గోలు, విరామానికల్లా 0-3. కానీ అది గురువారం సాయంత్రం, తెల్లారితే సెలవు, అందుకని జనం ఇంకా ఎక్కువొచ్చారు. మన జట్టు అభిమానుల బృందం బ్లూ పిల్‌గ్రిమ్స్ వాళ్ల దగ్గర సీటు దొరికితే వదలకండి. మూడు గోల్స్ పడ్డాక కూడా వాళ్ల గొంతు తగ్గలేదు.

సిరియా మ్యాచ్ అల్ ఖోర్‌లోని అల్ బైత్ స్టేడియంలో, దోహాకి సుమారు 35 కిలోమీటర్లు. మంగళవారం, మళ్లీ రెండున్నరకే. బావకి సెలవు దొరకలేదు. రెడ్ లైన్‌లో లుసైల్ దాకా వెళ్లి అక్కణ్నుంచి బస్సు. ఎడారి గుడారం ఆకారంలో కట్టిన స్టేడియం అది. దూరం నుంచి చూస్తే నిజంగానే ఎవరో మధ్యలో గుడారం వేసి మర్చిపోయినట్టుంటుంది. చూడ్డానికి మూడింతలు గొప్పది, చేరుకోడానికి మూడింతలు కష్టం. 76వ నిమిషంలో సిరియా ఆటగాడు ఖ్రిబిన్ గోలు కొట్టాడు, అంతే. తిరుగు బస్సు కోసం మెలికల క్యూలో ఓపిగ్గా నిలబడ్డం నయం. టాక్సీ బుక్ చేసిన మా పక్క సీటు వాళ్లు, బండి ఆగేచోటుకు నడిచీ నడిచీ నాకంటే ఆలస్యంగా లుసైల్ చేరారు. జనవరే కదా, ఎండ పోగానే చలి. స్వెటర్ తీసుకెళ్లకపోవడం నాదే తప్పు.

లాడ్జికి వచ్చేసరికి కౌంటర్లో మలయాళీ కుర్రాడు నా మొహం చూసి స్కోరు అడగలేదు. "భాయ్, రేపు పన్నెండింటికి ఖాళీ చేయాలి కదా, మీ ఫ్లైట్ రాత్రికి. సాయంత్రం దాకా ఉండండి, డబ్బులేం వద్దు" అన్నాడు.