అవుట్‌బోర్డ్ మోటారు స్టార్ట్ కాకపోతే కాకినాడలో ఈ షెడ్డుకే వెళ్లండి

జూన్ 14తో వేట నిషేధం అయిపోయింది. 15 తెల్లవారుజామున ఉప్పాడ ఒడ్డున బోట్లన్నీ ఒకదాని వెనక ఒకటి దిగుతుంటే మాది మాత్రం ఇసుక మీదే ఉండిపోయింది. బోటు వెనక తగిలించే 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ మోటారు, ఏప్రిల్‌లో ఆపినప్పుడు శుభ్రంగా పనిచేసింది. నాన్న, బాబాయ్, నేను వంతులేసుకుని తాడు లాగాం, అరచేతులు బొబ్బలెక్కాయి గానీ ఒక్కసారి కూడా అందుకోలేదు.

దగ్గర్లో ఒకాయన్ని పిలిస్తే పై మూత కూడా తీయకుండా సీడీఐ (ప్లగ్గుకి కరెంటు పంపే పెట్టె) పోయింది, ఏడు వేలు అవుద్దన్నాడు. రెండు నెలలు వేట లేని ఇంట్లో ఏడు వేలంటే ఎంత టెన్షనో మాకే తెలుసు. అడ్వాన్సు ఇవ్వబోతుంటే పక్క బోటు వాళ్లు ఆపి, జగన్నాథపురం వంతెన దాటాక ఉండే చిన్న రేకుల షెడ్డు సంగతి చెప్పారు.

అక్కడి మేస్త్రి గారు ముందు పానా పట్టుకోలేదు. ఇంజను ఆపే కిల్ స్విచ్ క్లిప్పు సరిగ్గా కూర్చుందా, గేరు న్యూట్రల్‌లో ఉందా, ట్యాంకు మూత మీద గాలి మర తెరిచి ఉందా అని ఒక్కొక్కటీ చూసి, రబ్బరు బల్బుని బాణం గుర్తు పైకి ఉండేలా పట్టుకుని పిసికారు. గట్టిపడింది, అంటే పైపులో గాలి లీకు లేదు. తర్వాత ప్లగ్గు విప్పి, క్యాపు తగిలించి, పెట్రోలుకి దూరంగా ఇంజను బాడీకి ఆనించి నన్నే తాడు లాగమన్నారు. నీలంగా చిటుక్కుమంది. "చూశావా బాబూ, కరెంటు బానే వస్తోంది, సీడీఐ ఎందుకు మార్చాలి?" అన్నారు. ఆ ఒక్క మాటతో నా గుండె బరువు దిగిపోయింది.

ఇన్నిసార్లు లాగినా ప్లగ్గు పొడిగానే ఉంది, అంటే పెట్రోలు లోపలికే వెళ్లడం లేదు. కార్బొరేటర్ కింద గిన్నె విప్పి, అందులోది కోసిన వాటర్ బాటిల్లో పోసి నా ముందు పెట్టారు. పైన ముదురు రంగు పెట్రోలు, పాత రంగు డబ్బా వాసన, అడుగున వేరుగా నీటి పొర. పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రముండే జెట్టుని వెలుతురుకి పెట్టి చూపిస్తే అసలు రంధ్రమే కనబడలేదు, జిగురుతో పూడుకుపోయింది. ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోలు తేమని పీల్చుకుంటుందనీ, రెండు నెలలు కదలకుండా ఉంటే పెట్రోలు ఆవిరై ఆయిల్ జిగురు మిగులుతుందనీ చెప్పారు. సూది పెడితే రంధ్రం పెద్దదైపోతుందని వైర్లోంచి ఒక సన్నని రాగి పోగు తీసి, దాంతో ఓపిగ్గా తవ్వారు. ఆ పోగు అవతలి వైపు బయటికొచ్చినప్పుడు ఇద్దరం నవ్వేశాం. పాత పెట్రోలంతా పారబోయించి, లీటరుకి 20 ఎంఎల్ ఆయిల్ చొప్పున కొత్తది కలిపి, డ్రమ్ము నీళ్లలో పెట్టి లాగితే మూడో లాగుకి అందుకుంది. కూలింగ్ నీళ్లు పక్కనుంచి సన్నగా చిమ్మేదాకా కదలనివ్వలేదు.

తీసుకున్నది మజూరీ 600, గాస్కెట్టుకి 150. ఇకమీదట వేట ఆపే రోజున మంచినీళ్లలో పది నిమిషాలు నడిపి, పెట్రోలు పైపు పీకేసి, గిన్నెలోది అయిపోయి దానంతటదే ఆగేదాకా ఉంచమన్నారు. ఈ మాట ఇన్నేళ్లలో మాకెవరూ చెప్పలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. స్పేర్లు స్టాకుండవు, గాస్కెట్టు కోసం నేనే బజారంతా తిరిగాను. నిషేధం ముగిసిన వారంలో క్యూ ఎక్కువ, మాకు రెండు రోజుల వేట పోయింది. ఇంకో నెల ముందే వెళ్లుంటే ఆ రెండు రోజులూ దక్కేవి. వెళ్లేటప్పుడు మోటారొక్కటే కాదు, ట్యాంకు, పైపు, మీరు కలిపిన పెట్రోలు కూడా ఉన్నది ఉన్నట్టు పట్టుకెళ్లండి, అవి చూడకుండా ఆయన మోటారు మీద చెయ్యి వేయరు.